ఎండలో మన ఒళ్ళు ఏం చేస్తుంది, మనం ఏం చెయ్యాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్యం అంశంపై ఒక గ్రామ సంఘం నాయకురాలు చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని చెప్పుకుంటాం. ఆ లెక్కలన్నీ కార్యదర్శి గారు ఇప్పుడే చదివారు. నాకు ఆరోగ్యం అంశం ఇచ్చారు. నేను డాక్టరుని కాను. శిక్షణలో విన్నదీ, మా పాప సైన్సు పుస్తకంలో చదివిందీ, ఏఎన్ఎం గారిని పదిసార్లు విసిగించి తెలుసుకున్నదీ నాకు అర్థమైన మాటల్లో చెప్తాను. చెప్పేది ఒకటే విషయం. ఎండలో మన ఒళ్ళు తనను తాను ఎలా చల్లబరుచుకుంటుంది, దానికి మనం ఎక్కడ అడ్డం పడుతున్నాం అని.

ముందు జరిగిన సంగతి చెప్తాను. పోయిన మే నెల. మా గ్రూపులో ఒక అప్ప జీడి ఫ్యాక్టరీ షెడ్డులో పప్పు వొలిచే పనికి వెళ్తుంది. నేనూ ఆ రోజు వెళ్ళాను. పైన రేకులు. పక్కనే పిక్కలు ఉడకబెట్టే బాయిలర్. పొట్టు ఎగురుతుందని ఫ్యాన్లు ఆపేశారు. కేజీల లెక్కన కూలి కాబట్టి ఎవరూ తల ఎత్తరు. పదకొండున్నర అయ్యేసరికి అప్ప చేతిలోంచి పప్పు జారిపోతోంది. "ఏటప్పా, ఏటయ్యింది?" అంటే పొంతన లేని మాట ఏదో అంది. ఇంతలోనే పక్కకి ఒరిగిపోయింది. ముట్టుకుంటే ఒళ్ళు పెనంలాగ కాలుతోంది.

అప్పుడు మేం ఏం చేశామో దాచుకోకుండా చెప్తాను. ఒకామె జ్వరం అనుకుని తువ్వాలు కప్పింది. ఒకామె జ్వరం బిళ్ళ నోట్లో వేసి నీళ్ళు పొయ్యబోయింది. నేను ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టాను. మిగతావాళ్ళందరం గాలి తగలకుండా చుట్టూ నిలబడ్డాం. అన్నీ మంచి మనసుతోనే చేశాం, అన్నీ తప్పే చేశాం. 108 తొందరగా వచ్చింది కాబట్టి సరిపోయింది. బండితో వచ్చిన బాబు దిగగానే కప్పిన తువ్వాలు తీసేసి, బకెట్టు నీళ్ళు తెమ్మని ఒళ్ళంతా తడిపాడు. "ముందే నీళ్ళు పొయ్యాల్సిందమ్మా" అన్నాడు.

అప్ప బతికింది. ఈ రోజు ఈ సభలోనే కూర్చుని ఉంది. ఆమె ఒప్పుకుంటేనే ఇదంతా చెప్తున్నాను. ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగారు, "పొద్దుట్నుంచి ఎన్ని నీళ్ళు తాగావు?" అని. "ఒక గ్లాసుడు బాబూ" అంది. ఎందుకు తాగలేదంటే తల దించుకుంది. ఇంటికొచ్చాక నాతో చెప్పింది. "తాగితే మరి ఎల్లాలి కదమ్మా. అక్కడ ఎక్కడికెల్తాం?"

నేను ఈ రోజు మాట్లాడేదంతా ఆ ఒక్క మాట గురించే.

ఒంట్లో పొయ్యి

మన ఒంట్లో ఎప్పుడూ ఒక పొయ్యి మండుతూనే ఉంటుంది. తిన్న అన్నమే దానికి కట్టె. గుండె కొట్టుకోవడం, అరగడం, ఊపిరి, అన్నింటికీ ఆ మంట కావాలి. పని చేస్తే మంట ఇంకా పెరుగుతుంది. మనం పార ఎత్తినా, బస్తా మోసినా కండ వాడిన శక్తిలో నాలుగో వంతు కూడా పనికి పోదు, మిగతాదంతా వేడి అయిపోతుంది. అందుకే చలికాలంలో కూడా దంపుడు పని చేస్తే చెమట పడుతుంది.

ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే, కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్ళు కూడా గంటకు ఒక సెల్సియస్ డిగ్రీకి పైగా వేడెక్కిపోతుంది. కానీ అలా జరగదు. ఉప్పెన వచ్చినా, ఎండ కాసినా, మంచు కురిసినా లోపల వేడి మన థర్మామీటరులో 98.6 దగ్గరే, కాస్త అటూ ఇటూగా నిలబడుతుంది. దాన్ని నిలబెట్టేది మెదడు అడుగున ఉండే చిన్న భాగం. దాన్ని హైపోథాలమస్ అంటారు. ఎంత ఉంటుందంటే మన జీడిగుండు అంత. రక్తం ఎంత వేడిగా ఉందో, చర్మానికి ఎంత వేడి తగులుతుందో అది రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉంటుంది. మన గ్రూపు లీడరు పుస్తకాలు చూసుకున్నట్టే అనుకోండి.

చలేస్తే అది చర్మంలోని రక్తనాళాలను ముడుచుకోమంటుంది. రక్తం లోపలే ఉండి వేడి దాచుకుంటుంది. అందుకే వేళ్ళు చల్లబడి పాలిపోతాయి. అది చాలకపోతే వణుకు పుట్టిస్తుంది. వణుకు అంటే కండలు పని లేకుండానే పని చేసి వేడి పుట్టించడం.

ఎండ వేస్తే దీనికి తిరగబడి జరుగుతుంది. రక్తనాళాలు విచ్చుకుంటాయి. లోపలి వేడిని రక్తం మోసుకొచ్చి చర్మం దగ్గర పారబోస్తుంది. మొహం ఎర్రబడేది అందుకే. ఆ రక్తాన్ని తిప్పడానికి గుండె గబగబా కొట్టుకోవాలి. కాబట్టి ఎండలో కూర్చున్న మనిషి గుండె కూడా పని చేస్తున్న మనిషి గుండెలాగ అలిసిపోతుంది. పెద్దవాళ్ళు, బీపీ, సుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు పడిపోయేది అందుకే. గర్భిణి ఒళ్ళు ఇద్దరి వేడి మొయ్యాలి, ఆమెకూ జాగ్రత్త ఎక్కువ కావాలి. చంటిపిల్లలు పెద్దవాళ్ళకన్నా తొందరగా వేడెక్కుతారు, నోరు తెరిచి చెప్పలేరు.

మన కుండ చెప్పే పాఠం

బయట గాలి ఒంటికన్నా వేడిగా ఉంటే రక్తం చర్మం దగ్గరికి వచ్చినా లాభం లేదు. అప్పుడు మిగిలేది చెమట ఒక్కటే. మన ఒంటి మీద చెమట గ్రంథులు ఇరవై లక్షల పైనే ఉంటాయి.

చెమట ఎలా చల్లబరుస్తుందో తెలియాలంటే మన ఇంట్లో కుండను చూస్తే చాలు. కొత్త కుండలో నీళ్ళు పోస్తే గోడల్లోంచి నీరు ఊరి బయటికి వస్తుంది. ఆ తడి గాలికి ఆరిపోతూ లోపలి నీళ్ళలో వేడిని పట్టుకుపోతుంది. నీళ్ళు చల్లబడతాయి. స్టీలు బిందెలో ఊరదు కాబట్టి చల్లబడదు. మన చర్మం కుండ గోడ లాంటిది. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆరితే ఎంత వేడి పోతుందో తెలుసా? ఆ వేడితో ఎనిమిది లీటర్ల నీళ్ళను మరిగేదాకా కాచుకోవచ్చు. అంత పని చేస్తుంది చెమట.

అయితే ఒక మెలిక ఉంది. చెమట ఆరితేనే చల్లదనం. కారి కింద పడిపోతే నీళ్ళు పోయినట్టే గానీ వేడి పోదు. అదే కుండకు చుట్టూ ప్లాస్టిక్ సంచి బిగించి కట్టి చూడండి, నీళ్ళు చల్లబడవు.

మన ఉద్దానానికి ఈ మెలికే పెద్ద కష్టం. టీవీలో రెంటచింతలలో 45 డిగ్రీలు అని చెప్తే అమ్మో అనుకుంటాం. మన దగ్గర 36, 37 అంటే ఫరవాలేదు అనుకుంటాం. అక్కడ గాలి పొడి, చెమట పట్టినంతా ఆరిపోతుంది. మన బారువ, వజ్రపుకొత్తూరు, భావనపాడు వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. గాలి అప్పటికే తడిసి ఉంది, మన చెమటను ఇంకెక్కడ తీసుకుంటుంది? ఉక్కపోత అని మనం చెప్పే మాటకి అర్థం అదే. కాబట్టి డిగ్రీలు తక్కువ ఉన్నాయని మోసపోకూడదు. బాయిలర్ ఆవిరి ఉన్న షెడ్డులోనూ ఇదే సంగతి. గాలి ఆడితే తడి గాలి పక్కకి పోయి చెమట ఆరుతుంది. ఫ్యాను సోకు కాదు, చెమటకు అది కావాలి. నైలాను చీర, బిగుతు జాకెట్టు కన్నా వదులు నూలుబట్ట మేలు అనేది కూడా ఇందుకే.

నీడ సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు ఎన్ని పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు పంట పోయిందనే ఏడ్చాం. దాంతో పాటు నీడ కూడా పోయింది. మన అమ్మలు చెట్ల కింద చేసిన పని చాలాచోట్ల మనం బట్టబయలు ఎండలో చేస్తున్నాం. మొక్కలు మళ్ళీ నాటాం గానీ అవి నీడ ఇచ్చేదాకా మన నీడ మనమే చూసుకోవాలి.

పొదుపు లేకుండా విత్ డ్రా

ఎండలో గట్టి పని చేస్తే గంటకు లీటరు దాకా చెమట పోతుంది. పొద్దున్న ఆరు నుంచి పదకొండు దాకా అయిదు గంటలు చేస్తే ఎంతయింది? నాలుగైదు లీటర్లు. మనం తాగేది ఒక సీసా, అది కూడా ఇంటికి సగం తిరిగొస్తుంది. గ్రూపులో ఎవరైనా వంద కట్టి అయిదొందలు తీస్తే మనం ఒప్పుకుంటామా? ఒంటితో మాత్రం రోజూ అదే చేస్తున్నాం.

యాభై కేజీల మనిషికి ఒక లీటరు నీరు తగ్గితేనే నీరసం, తలనొప్పి, చికాకు మొదలవుతాయి. ఇంకా తగ్గితే రక్తం తగ్గిపోతుంది. ఉన్న కాస్త రక్తాన్ని చర్మానికి పంపాలా, కండకు పంపాలా, మెదడుకు పంపాలా అని ఒళ్ళు సతమతమైపోతుంది. చివరికి చెమట పొయ్యడం కూడా తగ్గిపోవచ్చు. అక్కడ వేడి అదుపు తప్పుతుంది.

ఈ లోపల ముందుగా నష్టపోయేది కిడ్నీలు. మన రెండు కిడ్నీలు రోజుకి సుమారు 180 లీటర్లు వడపోసి, అందులో పనికొచ్చేదంతా వెనక్కి ఇచ్చి, లీటరున్నర దాకా మూత్రంగా బయటికి పంపుతాయి. ఒంట్లో నీరు తక్కువైతే కిడ్నీలకు వచ్చే రక్తం తగ్గుతుంది. ఉన్న నీటిని దాచుకోవడానికి అవి మూత్రాన్ని చిక్కగా చేస్తాయి. పసుపు ముదిరి, మంటగా, చుక్కలు చుక్కలుగా వస్తుంది. మనం దాన్నే "వేడి చేసింది" అంటాం. వేడి చేసిందని మామిడిపండునో కోడిగుడ్డునో తిట్టుకుంటాం. చాలాసార్లు అసలు దోషం వాటిది కాదు, నీళ్ళు తాగకపోవడంది. ఇంకో సంగతి, వచ్చినా ఆపుకుని కూర్చుంటే మూత్రంలో చీము పట్టే జబ్బులు వస్తాయి. నీళ్ళు తాగినా మంట తగ్గకపోతే, జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్ళాలి.

సాయంత్రం ఒళ్ళు నొప్పులని మందుల షాపులో నొప్పి బిళ్ళ కొనుక్కుంటాం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్ళలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. నీళ్ళు లేని రోజున, ఎండలో పని చేసి వచ్చాక ఆ బిళ్ళ వేసుకోవడం అంటే ఎండిపోయిన బోరుకి మోటారు వెయ్యడమే.

మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఏ మండలంలో చూసినా డయాలసిస్ కి వెళ్ళే మనిషి లేని ఊరు వెతకాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలుపెట్టారు. నీరు, నేల, పురుగుమందులు, పుట్టుకతో వచ్చే గుణం, ఎండలో పని, ఇలా చాలా కోణాల్లో శాస్త్రవేత్తలు చూశారు, చూస్తున్నారు. ఇదీ ఒక్క కారణం అని తేల్చలేదు. కాబట్టి నీళ్ళు తాగకపోవడం వల్లే మన జబ్బు వచ్చిందని నేను అనను. అలా అంటే జబ్బు పడ్డవాళ్ళను నిందించినట్టు అవుతుంది. కానీ నీరు లేని ఎండ, నొప్పి బిళ్ళలు కిడ్నీకి చెరుపు అన్నది మాత్రం తేలిన మాట. మన చేతిలో ఉన్న దాన్ని మనం ఎందుకు వదులుకోవాలి?

ఇలాంటి జబ్బే మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా అనే దేశాల్లో చెరకు నరికే కూలీలకు వస్తుంది. సుగరు, బీపీ లేని వయసు కుర్రాళ్ళకి కూడా. అక్కడ చెరకు తోటల్లో మూడు మాటలతో ఒక కార్యక్రమం పెట్టారు. నీళ్ళు, నీడ, విశ్రాంతి. పని మధ్యలో నీళ్ళు, కూర్చోడానికి టెంటు, గంట గంటకూ ఆగడం. సరిగ్గా అమలైన చోట కిడ్నీకి దెబ్బ తగిలినవాళ్ళు తగ్గారు. ఖరీదైన మందు ఏమీ కాదు, చూశారా.

జ్వరం వేరు, వడదెబ్బ వేరు

ఈ తేడా తెలియకే మేం ఆ రోజు అప్పకి బిళ్ళ వేశాం. జ్వరం వచ్చినప్పుడు ఆ జీడిగుండంత భాగమే వేడిని పెంచమని ఆజ్ఞ ఇస్తుంది, రోగక్రిములతో పోరాడడానికి. పారాసిటమాల్ ఆ ఆజ్ఞను తగ్గిస్తుంది. వడదెబ్బలో ఆజ్ఞ ఎవరూ ఇవ్వలేదు. వేడి పోయే దారి మూసుకుపోయింది, అంతే. అందుకే పారాసిటమాల్ పనిచెయ్యదు. అప్పుడు మందు నీళ్ళూ గాలే.

కళ్ళు తిరగడం, విపరీతంగా చెమట, వాంతి వచ్చినట్టు ఉండడం, పిక్కలు పట్టెయ్యడం, ఇవి ముందు హెచ్చరిక. అప్పుడే పని ఆపి, నీడలో కూర్చోబెట్టి, నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించాలి. మాట తడబడడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, పడిపోవడం, ఫిట్సు, ఒళ్ళు కాలిపోవడం వచ్చాయంటే వడదెబ్బ. లోపల వేడి 104 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. చెమట ఉంటే వడదెబ్బ కాదనుకోవద్దు. పని చేస్తూ పడిపోయిన మనిషికి చెమట ఉండొచ్చు.

అప్పుడు ఏం చెయ్యాలి? ఒకరు 108 కి ఫోను చెయ్యాలి. మిగతావాళ్ళు నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, అట్టముక్కతోనైనా విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టి మారుస్తూ ఉండాలి. తెలివి లేని మనిషి నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బండి వచ్చేదాకా నీళ్ళు పొయ్యడం ఆపకూడదు. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు మన ఆంధ్రప్రదేశ్ లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. మన గ్రూపు అక్కకి అలా కాకూడదు.

నలభై అయిదు దాటిన అక్కలకు ఒక మాట. ముట్టు ఆగే వయసులో ఉన్నట్టుండి మొహం, గుండెల మీద వేడి ఆవిర్లు వచ్చి చెమటలు పట్టేస్తాయి. అది వడదెబ్బ కాదు, దెయ్యం కాదు, సిగ్గుపడే సంగతీ కాదు. ఒంట్లో హార్మోను తగ్గడం వల్ల ఆ జీడిగుండు కాస్త తొందరపడుతుంది, అంతే. బాగా ఇబ్బంది పెడితే ఏఎన్ఎం గారితో చెప్పండి.

ఏం తాగాలి, ఎవరు జాగ్రత్తపడాలి

దాహం వేసేదాకా ఆగకూడదు. ఎండ పనిలో పదిహేను ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగాలి. ఒకేసారి చెంబులు చెంబులు కాదు. మూత్రం లేత పసుపులో ఉంటే చాలినట్టు, ముదిరితే చాలనట్టు. ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు.

చెమటలో నీళ్ళే కాదు, ఉప్పు కూడా పోతుంది. గంజి, మజ్జిగ, చోడి అంబలి, తరవాణి మన పెద్దలు ఊరికే తాగలేదు. బాగా నీరసం వస్తే ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఒకటి లీటరు నీళ్ళలో కలుపుకోవాలి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, కొలిచి వెయ్యాలి.

ఇక్కడ మన ఉద్దానం వాళ్ళం మిగతా ఊళ్ళ కన్నా ఎక్కువ జాగ్రత్తపడాలి. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి, డయాలసిస్ లో ఉన్నవాళ్ళకి నేను చెప్పిన నీళ్ళ లెక్క వర్తించదు. వాళ్ళు డాక్టరు చెప్పినంతే తాగాలి. కొబ్బరినీళ్ళు చల్లనని మనం అందరికీ ఇచ్చేస్తాం. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పాడైతే అది బయటికి పోక రక్తంలో పేరుకుని గుండెకు ప్రమాదం తెస్తుంది. ఇంట్లో జబ్బు మనిషికి ప్రేమతో బొండాం కొట్టి ఇచ్చేముందు డాక్టరుని అడగండి. ఓఆర్ఎస్, ఉప్పు మజ్జిగ కూడా అంతే. జబ్బు ఉందో లేదో తెలియనివాళ్ళు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. మొదట్లో నొప్పి ఉండదు, గుర్తు ఉండదు, పరీక్షలోనే తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఒళ్ళు ఎండకు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత చెమట తొందరగా పడుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది. ఎక్కువ ప్రమాదం మొదటి రోజుల్లోనే. జీడి పిక్కలు ఏరే కాలం మొదలైనప్పుడు, బాలింత అయ్యి మళ్ళీ పనికి వచ్చినప్పుడు, జ్వరం తగ్గి వచ్చినప్పుడు మొదటి వారం సగం పనే చెయ్యనివ్వాలి. "అలవాటే మాకు" అని మీసం మెలేసే మేస్త్రికి ఈ మాట చెప్పండి.

తాగితే ఎక్కడికెల్తాం?

ఇంత చెప్పాను. ఇదంతా విని రేపు మీరు రెండు సీసాలు పట్టుకుని పనికి వెళ్తారు. అక్కడ మరుగుదొడ్డి లేకపోతే? ఉన్నా గడియ లేకపోతే? తలుపుకి తాళం వేసి తాళంచెవి మగ మేస్త్రి జేబులో ఉంటే? సీసా మూత తియ్యరు. అప్ప తియ్యలేదు. నేనూ ఎన్నో ఏళ్ళు తియ్యలేదు. కాబట్టి "నీళ్ళు ఎక్కువ తాగండి" అని ఆడవాళ్ళకి చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆడదాని ఒళ్ళు చల్లబడాలంటే చెమట కావాలి, చెమటకి నీళ్ళు కావాలి, నీళ్ళు తాగాలంటే గడియ ఉన్న మరుగుదొడ్డి కావాలి.

ఇది మనం దయ అడుక్కోవడం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే తాగడానికి మంచినీళ్ళు, ఆడవాళ్ళకు వేరేగా మరుగుదొడ్డి ఉండాలని రాశారు. 2005 ఉపాధి హామీ చట్టంలో పని దగ్గర మంచినీళ్ళు, నీడ, మందుల పెట్టె ఉండాలని రాశారు. చిన్న షెడ్డు చట్టం కిందికి వస్తుందా రాదా అని ఎవరైనా అడగొచ్చు. షెడ్డు చిన్నదైతే అందులో ఒళ్ళు తక్కువ కాలుతుందా? మన మగవాళ్ళు వలస వెళ్ళే దుబాయిలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. అంత దూరంలో ఉన్నది మన ఊళ్ళో ఎందుకు ఉండకూడదు?

అప్ప పడిపోయాక మా గ్రూపువాళ్ళం అదే షెడ్డు యజమాని దగ్గరికి పది మందిమి కలిసి వెళ్ళాం. గొడవ పెట్టుకోలేదు. ఆసుపత్రి చీటీ చూపించి అడిగాం. రెండు నెలలు తిప్పారు గానీ చివరికి మరుగుదొడ్డి బాగు చేయించి, లోపల గడియ, లైటు పెట్టించారు. పొట్టు ఎగరకుండా ఫ్యాను గోడ వైపు తిప్పి పెట్టారు. లేచి వెళ్తే కేజీలు తగ్గిపోతాయని మొదట భయపడ్డాం. మధ్యాహ్నం తలనొప్పితో చేతులు ఆగిపోవడం తగ్గింది కాబట్టి కేజీలు తగ్గలేదు. ఇంకో చోట మాత్రం మా వాళ్ళు ఇద్దరు అడిగితే "నచ్చితే రండి, లేకపోతే మానెయ్యండి" అన్నారు. ఇద్దరం అడిగితే అలాగే అంటారు. సమాఖ్య అడిగితే ఆ మాట అనలేరు. అందుకే ఈ వేదిక మీదికి తెచ్చాను.

మహాసభ ముందు అయిదు తీర్మానాలు పెడుతున్నాను.

ఒకటి. ప్రతి గ్రూపు నెల సమావేశంలో, పొదుపు లెక్క రాశాక, సభ్యులు పని చేసే చోట నీళ్ళు, నీడ, గడియ ఉన్న మరుగుదొడ్డి ఉన్నాయా లేవా అని మినిట్స్ పుస్తకంలో రాయాలి.

రెండు. లేవు అని రాసిన చోటికి గ్రామ సంఘం తరఫున అయిదుగురు వెళ్ళి అడగాలి. వినకపోతే మండల సమాఖ్య ఉత్తరం రాయాలి.

మూడు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో తోట పని, ఉపాధి పని తెల్లారగట్ట మొదలుపెట్టి పదకొండు లోపల ముగించేలా మేస్త్రులతో, ఫీల్డ్ అసిస్టెంట్లతో మాట్లాడుకోవాలి.

నాలుగు. పనిలో ఇద్దరిద్దరు జంటగా ఉండాలి. ఒకరి మాట తడబడితే రెండోవాళ్ళు పట్టుకోవాలి. వడదెబ్బ తగిలిన మనిషికి తనకు తగిలిందని తెలియదు.

అయిదు. ప్రతి గ్రామ సంఘం ఒక సంచి పెట్టుకోవాలి. అందులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, థర్మామీటరు, నూలు గుడ్డలు నాలుగు, ఒక చెంబు, ఒక విసనకర్ర. అదే మన వడదెబ్బ సంచి.

అక్కలారా, వెనకటికి గ్రూపు లేనప్పుడు అప్పు కోసం ఒక్కొక్కరం వెళ్ళి గుమ్మం ముందు నిలబడేవాళ్ళం. పది మందిమి కలిశాక బ్యాంకువాళ్ళే మన ఊరికి వస్తున్నారు. డబ్బు విషయంలో సిగ్గు వదిలేశాం. ఒంటి విషయంలో ఇంకా వదల్లేదు. వెళ్ళాలి అని చెప్పడానికి సిగ్గుపడి ఒక అప్ప చావు దాకా వెళ్ళి వచ్చింది. ఇక ముందు ఎవరూ ఆ సిగ్గుతో దాహం చంపుకోకూడదు.

తీర్మానాలు ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి. ఎత్తేముందు అందరూ పక్కనున్న సీసా తీసుకుని ఒక గుక్క తాగండి. ఈ హాలు వెనకాల ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉంది, గడియ కూడా ఉంది. పొద్దున్నే నేను వెళ్ళి చూసి వచ్చాను.